ముందు పెళ్లి, తర్వాత ప్రేమ, మధ్యలో దేవుడు: అమెరికా ఫ్రాంటియర్ క్రైస్తవ నవలల సంగతి

భర్తను పాతిపెట్టిన రోజే, ముక్కూ మొహం తెలియని ఇంకో మగవాడు వచ్చి పెళ్లి చేసుకుందామని అడుగుతాడు. ఆమెకు పందొమ్మిదేళ్లు. కడుపుతో ఉంది. పడమటి దిక్కుగా తెచ్చుకున్న బండి తప్ప ఇల్లు లేదు, చుట్టూ తెలిసినవాళ్లు లేరు, ముందున్నది చలికాలం. అడిగిన మనిషి కూడా భార్యను పోగొట్టుకున్నవాడే, ఇంట్లో చిన్న కూతురు ఉంది. ప్రేమ గురించి అతను ఒక్క మాట అనడు. నా పిల్లకు తల్లి కావాలి, నీకు తలదాచుకునే చోటు కావాలి, చలికాలం పోయాక తూర్పుకు వెళ్లిపోతానంటే దారి ఖర్చులు నేనే పెట్టుకుంటాను అంటాడు. పాస్టర్ ఇప్పుడు ఈ దరిదాపుల్లో ఉన్నాడు, మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. పెళ్లి అక్కడికక్కడే జరిగిపోతుంది.

ఇది జానెట్ ఓక్ రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' నవల మొదలు. కెనడాలోని ఆల్బర్టాలో పుట్టిన ఈ రచయిత్రి పుస్తకాన్ని 1979లో మిన్నెసోటాకు చెందిన క్రైస్తవ ప్రచురణ సంస్థ బెథనీ హౌస్ వేసింది. తర్వాత అదే కుటుంబం కథ ఎనిమిది నవలలుగా సాగింది, 2003లో టీవీ సినిమాగా వచ్చింది. అంతకుముందు క్రైస్తవ ప్రేమకథలు లేవని కాదు. గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలోనే అలాంటివి కుప్పలుగా రాసింది. కానీ పాతకాలపు పశ్చిమ అమెరికా, పేద రైతు ఇల్లు, ప్రార్థన, మెల్లగా పుట్టే ప్రేమ, వీటన్నిటినీ కలిపి ఒక అచ్చు తయారుచేసింది మాత్రం ఈ పుస్తకమే. ఆ తర్వాత ఆ అచ్చులో వచ్చిన నవలలతో అమెరికాలో క్రైస్తవ పుస్తకాల షాపుల అరలు నిండిపోయాయి. గాలికి ఎగిరే గడ్డి మైదానం, తలకు బోనెట్ కట్టుకున్న అమ్మాయి ఉన్న అట్టను చూడగానే పాఠకురాలు లోపల ఏముందో పోల్చుకుంటుంది.

ఈ నవలలను ఆడవాళ్ల కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లున్నారు, మచ్చలేని పాతకాలపు అమెరికా అని నెత్తిన పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటు మాటలే. ఈ కథలు ఒక పద్ధతి ప్రకారం నడుస్తాయి. ఆ పద్ధతి ఎంత తెలివైనదో ముందు ఒప్పుకోవాలి. అదే పద్ధతి ఎవరిని కథలోంచి బయట నిలబెట్టిందో కూడా చూడాలి.

ముందు కట్టుబాట్ల సంగతి. 1972లో 'ద ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్' అనే చారిత్రక ప్రేమకథ వచ్చాక అమెరికాలో మామూలు రొమాన్స్ నవలల్లో పడకగది తలుపులు తెరుచుకున్నాయి. క్రైస్తవ ప్రచురణకర్తలు దానికి ఎదురుగా వెళ్లారు. బూతు మాట ఉండకూడదు, ముద్దు దాటి పేజీ మీద ఏమీ జరగకూడదు, ఒక మనిషి విశ్వాసంలోకి రావడమో, పోగొట్టుకున్న విశ్వాసాన్ని తిరిగి పొందడమో కథలో ఒక దారంగా నడవాలి. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ప్రేమకథకు ఆకర్షణ కావాలి, ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు మసలాలి, టెన్షన్ ఉండాలి. పెళ్లికాని ఇద్దరిని ఒక ఇంట్లో పెడితే ఈ పాఠకురాలు ఒప్పుకోదు. వేరువేరు ఇళ్లలో ఉంచితే కథ ముందుకు కదలదు.

పెళ్లి ముందే చేసేస్తే చిక్కు విడిపోతుంది! ఇద్దరూ ఒకే చూరు కింద ఉంటారు, ఒకే పొయ్యి దగ్గర తింటారు, లోకం దృష్టిలో భార్యాభర్తలు. మనసులో మాత్రం పరాయివాళ్లు. అతను పక్క కొట్టంలో పడుకుంటాడు. ఆమె కాఫీ కాయడం నేర్చుకుంటుంది. అతను పిల్లకు జడ వేస్తుంటే ఆమె మొదటిసారి అతన్ని సరిగ్గా చూస్తుంది. ప్రతి చూపూ ధర్మబద్ధమే, అయినా ప్రతి చూపులోనూ బెరుకు ఉంటుంది. పెళ్లయ్యాక పుట్టే ప్రేమ మన పాఠకులకు వింతేం కాదు కాబట్టి ఈ ఏర్పాటులో ఉన్న శక్తి మనకు చప్పున అర్థమవుతుంది. కానీ సొంతంగా ప్రేమించి పెళ్లి చేసుకోవడమే పద్ధతి అనుకునే అమెరికన్ పాఠకురాలిని ఇలాంటి పెళ్లికి ఒప్పించాలంటే గట్టి కారణం చూపించాలి. ఆ కారణం ఫ్రాంటియర్‌లో, అంటే తెల్ల సెటిలర్లు తూర్పు నుంచి వలస వెళ్లి కొత్తగా స్థిరపడుతున్న పడమటి నేలలో, దొరికింది.

అక్కడ కారణాలు నిజంగానే ఉండేవి. ఒరెగాన్ సంగతే చూడండి. 1850లో అమెరికా ప్రభుత్వం డొనేషన్ ల్యాండ్ క్లెయిమ్ చట్టం చేసింది. అప్పటికే అక్కడ స్థిరపడిన పెళ్లికాని తెల్ల మగవాడికి 320 ఎకరాలు. పెళ్లయితే దంపతులకు 640 ఎకరాలు, అందులో సగం భార్య సొంత పేరు మీదే. పెళ్లికానివాళ్లకు ఒక ఏడాది గడువు ఇచ్చారు, 1851 డిసెంబర్ 1 లోపు పెళ్లాడితే రెట్టింపు భూమి. అంటే ఒక పెళ్లి విలువ 320 ఎకరాలని ప్రభుత్వమే ధర కట్టింది. ఆడవాళ్లు తక్కువ ఉన్న చోట ఆ గడువు ఏం చేసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పదిహేనేళ్లు కూడా నిండని ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసిన ఉదంతాలు ఒరెగాన్ చరిత్రలో ఉన్నాయి. అవసరం కోసం జరిగిన పెళ్లి అనే ముడిసరుకును నవలలు ఈ చరిత్రలోంచి తీసుకున్నాయి. ఆ చిన్నపిల్లలను మాత్రం అక్కడే వదిలేసి, నాయికకు పద్దెనిమిదో పందొమ్మిదో వయసు పెట్టాయి.

1862 మే 20న లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం ఇంకోరకం నాయికను ఇచ్చింది. 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకుని, అక్కడే ఇల్లు వేసుకుని, ఐదేళ్లు సాగు చేస్తే భూమి సొంతం. ఖర్చు పద్దెనిమిది డాలర్ల ఫీజు. 21 ఏళ్లు నిండిన పెళ్లికాని స్త్రీ, వితంతువు, భర్త వదిలేసిన ఆడది, వీళ్లంతా తమ పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్తతో కాపురం ఉన్న ఆమెకు ఆ వీలు లేదు. కాబట్టి మట్టిపెళ్లలతో కట్టుకున్న గదిలో ఒంటరిగా ఉంటూ, భూమి చేతికొచ్చేదాకా పెళ్లి వద్దనే మొండి అమ్మాయి రచయిత్రుల కల్పన కాదు. ఆమె పేరు ప్రభుత్వ భూమి రికార్డుల్లో దొరుకుతుంది. పత్రికలో ప్రకటన చూసి ఉత్తరాలు రాసుకుని పెళ్లికి రైలెక్కిన అమ్మాయిలూ నిజమే. 1864లో ఏసా మెర్సర్ అనే ఆయన మసాచుసెట్స్ వెళ్లి, అంతర్యుద్ధం వల్ల పత్తి రాక మిల్లులు మూతపడిన లోవెల్ పట్టణం నుంచి యువతులను ఓడలో సియాటెల్‌కు తీసుకొచ్చాడు. చేతిలో పని పోయిన ఆడవాళ్లు ఒకవైపు, పిల్ల దొరకని మగవాళ్లు ఇంకోవైపు. ఈ శైలిలో సగం నవలలకు ఇంతకంటే పీఠిక అక్కర్లేదు.

గుర్రం మీద తిరిగే పాస్టర్ కూడా అంతే. మెథడిస్టులు అనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్లు ఊరికొక పాస్టర్ని పెట్టలేక, ఒక్కొక్కరికి పెద్ద ఇలాకా అప్పగించి తిప్పేవారు. వాళ్లలో మొదటితరం పెద్ద ఫ్రాన్సిస్ ఆస్బరీ జీవితంలో ఎక్కువ భాగం జీను మీదే గడిపాడు. పాస్టర్ వారాల తరబడి రాని చోట పెళ్లి, బాప్తిస్మం, భూస్థాపన ప్రార్థన అన్నీ ఆయన కోసం కాచుకుని ఉండేవి. ఓక్ నవలలో భర్తను పాతిపెట్టిన రోజే జరిగిన పెళ్లి నాటకీయం కోసం అతికించింది కాదు, ఆ పరిస్థితిలోంచి వచ్చింది.

భూమి, చట్టం, దూరం ఇలా ఉంటే, లోపలి దారం బైబిల్‌ది. ఈ నవలలకు రెండు పాత కథలు వేరు. ఒకటి రూతు కథ. పరాయి దేశపు విధవరాలు, అత్త నయోమి వెంట వచ్చి పొలంలో పరిగె ఏరుకుంటుంది, ఆ పొలం యజమాని బోయజు ఆమెను ఆదుకుని పెళ్లాడతాడు. వితంతువు, పేదరికం, కోతల కాలం, మాట మీద నిలబడే రైతు. దీన్ని కాన్సాస్‌లో పెడితే మార్చాల్సింది చాలా తక్కువ. రెండోది హోషేయ ప్రవక్త కథ. వ్యభిచారిణి గోమెరును పెళ్లాడమని దేవుడు చెబుతాడు, ఆమె విడిచిపోతే మళ్లీ వెల ఇచ్చి తెచ్చుకుంటాడు. ఫ్రాన్సీన్ రివర్స్ 'రిడీమింగ్ లవ్' ఈ కథనే 1850 నాటి కాలిఫోర్నియా బంగారు గనులకు తీసుకెళ్లింది. 1991లో మామూలు ప్రచురణ సంస్థ బాంటమ్ దాన్ని వేసింది. ఆరేళ్ల తర్వాత క్రైస్తవ సంస్థ మల్ట్‌నోమా కొన్ని చోట్ల మార్చిన ప్రతిని వేసింది. ఆ శైలిలో ఇంతగా చదివిన పుస్తకాలు అరుదు. 2022లో సినిమా కూడా వచ్చింది. ఆనాటి కాలిఫోర్నియాలో 1850 జనాభా లెక్కల ప్రకారం ఆడవాళ్లు పదిశాతం కూడా లేరు. చిన్నప్పుడే అమ్ముడుపోయిన అమ్మాయి కథకు అంతకంటే కటువైన చోటు ఉండదు.

హోషేయ గ్రంథం రెండో అధ్యాయంలో, దారి తప్పిన ఆమెను అరణ్యంలోకి తీసుకెళ్లి అక్కడ ప్రేమగా మాట్లాడతానని దేవుడు అంటాడు. నా దృష్టిలో ఈ శైలి మొత్తానికి తాళంచెవి అక్కడుంది. బైబిల్‌లో అరణ్యం అంటే ఆసరాలన్నీ ఊడిపోయి మనిషి, దేవుడు ఎదురెదురుగా మిగిలే చోటు. ఈ రచయిత్రులు చెట్టూ చేమా లేని మైదానాన్ని ఆ అరణ్యంగా చదివారు. పుట్టింటివాళ్లు లేరు, డాక్టరు లేడు, పక్కింటి దీపం కనపడదు. నాయిక ఇక దేవుణ్ణయినా నమ్మాలి, ఆ కొత్త భర్తనయినా నమ్మాలి. మంచి నవలలో ఈ రెండు నమ్మకాలూ ఒకదాన్నొకటి పట్టుకుని పెరుగుతాయి.

ఇక్కడో కఠినమైన నియమం అడ్డం వస్తుంది. అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి అని బైబిల్‌లో అపొస్తలుడు పౌలు కొరింథీయులకు రాశాడు. అందుకే నాయకుడో నాయికో విశ్వాసి కాకపోతే, మనసులు కలవడానికి ముందే మారుమనస్సు జరగాలి. అదీ ప్రేమ కోసం జరిగితే చెల్లదు, దానంతటదే జరగాలి. రచయిత్రి చేతిలో పస ఉందో లేదో తెలిసేది ఈ మలుపులోనే. చేతకానివాళ్లు మంచి మనసున్న పక్కింటి ముసలమ్మను తెచ్చి, ఆమె నోట రెండు పేజీల ప్రసంగం చెప్పిస్తారు, మూడో పేజీలో నాయిక మోకాళ్ల మీద ఉంటుంది. చేతనైనవాళ్లు ఆ పనిని నేలకు, వాతావరణానికి అప్పగిస్తారు.

మిడతల సంగతి తీసుకోండి. 1873 నుంచి 1877 దాకా మిన్నెసోటా నుంచి నెబ్రాస్కా, కాన్సాస్ వరకు మిడతల దండు ఏటా ఎక్కడో ఒకచోట పడింది. పైరు తిన్నాయి, గుర్రాల తోలు జీనులు కొరికాయి, చెమట ఉప్పు పట్టిన పారల పిడులనూ వదల్లేదు. మిన్నెసోటా గవర్నర్ జాన్ పిల్స్‌బరీ 1877 ఏప్రిల్ 26ను రాష్ట్రమంతటికీ ప్రార్థనాదినంగా ప్రకటించాడు. ఆ ఏడాది వేసవిలో మిడతలు లేచి వెళ్లిపోయాయి. ప్రార్థన ఫలించిందని ఆ రోజుల్లో చాలామంది సాక్ష్యం చెప్పారు. అయితే అప్పటికి వరసగా పంటలు పోయి ఊరొదిలి వెళ్లిపోయినవాళ్లూ ప్రార్థించినవాళ్లే కదా! ఆ ప్రశ్నను పేజీలో ఉండనిచ్చి, జవాబు తొందరగా తేల్చని నవలలంటే నాకు గౌరవం. 1888 జనవరి 12న డకోటా, నెబ్రాస్కాల్లో బడి వదిలే వేళకు వచ్చిన మంచు తుపానులో పిల్లలు దారి తెలియక గడ్డకట్టి చనిపోయారు. అలాంటి రోజును కథలోకి తెచ్చిన రచయిత్రి దేవుని ప్రేమ గురించి రాసే ప్రతి వాక్యానికీ బరువు చూసుకోవాల్సి వస్తుంది.

నిజంగా జరిగిన ఒక పెళ్లి ఈ నవలలన్నిటికంటే ముందుంది. నార్సిస్సా ప్రెంటిస్ న్యూయార్క్ రాష్ట్రపు పల్లెటూరి అమ్మాయి, మిషనరీ కావాలని కోరిక. పెళ్లికాని స్త్రీని పంపడం మిషన్ బోర్డుకు ఇష్టం లేదు. డాక్టర్ మార్కస్ విట్మన్‌కు కూడా భార్య ఉంటేనే మేలు. ఇద్దరి పరిచయం అంతంతమాత్రమే. 1836 ఫిబ్రవరి 18న పెళ్లయింది. పెళ్లికూతురు నల్లబట్టలు కట్టుకుంది. చివర్లో స్వదేశానికి వీడ్కోలు చెప్పే కీర్తన పాడుతుంటే చర్చిలో ఒక్కొక్కరి గొంతూ పూడుకుపోయి, ఆఖరి చరణం ఆమె ఒక్కతే పాడిందని చెబుతారు. ఆ వేసవిలో ఆమె, తోటి మిషనరీ భార్య ఎలైజా స్పాల్డింగ్, రాకీ పర్వతాలు దాటిన మొదటి తెల్లజాతి స్త్రీలయ్యారు. ఆమె ఇంటికి రాసిన ఉత్తరాల్లో భర్త మీద మమకారం కనిపిస్తుంది. ముందు అవసరం, తర్వాత ప్రేమ, నిజజీవితంలోనే.

ఆ కీర్తన రాసినది శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్. తెలుగు బాప్తిస్టులకు ఆయన దగ్గరివాడే. నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికన్ బాప్తిస్టులు 1853లో తర్జనభర్జన పడుతున్నప్పుడు, ఒంటరి నక్షత్రమా ప్రకాశించు అనే అర్థంలో కవిత రాసి ఆ మిషన్‌కు లోన్ స్టార్ అనే పేరు నిలబెట్టింది ఆయనే. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ కూడా ఆ ఫ్రాంటియర్ మనిషే. యువకుడిగా మిన్నెసోటాలో ప్రభుత్వ భూముల సర్వే బృందంతో పనిచేసి, అయోవాలో చదువుకున్నాడు. మన గుండ్లకమ్మ ఒడ్డుకు సువార్తను తెచ్చిన మనిషి, సెటిలర్ల కోసం పడమటి నేలను కొలిచిన మనిషి ఒక్కరే.

ఎవరి నేలను కొలిచారు? విట్మన్ దంపతుల కథ చివర ఆ ప్రశ్నకు జవాబుంది. వాళ్లు ఇప్పటి వాషింగ్టన్ రాష్ట్రంలోని వల్లావల్లా దగ్గర, వైలాట్పులో, కయూస్ అనే మూలవాసీ తెగ నేలపై ఇల్లు కట్టారు. ఏటా వచ్చే సెటిలర్ల బండ్లకు అది మజిలీ అయింది. 1847లో తట్టు వచ్చింది. తెల్లపిల్లలు చాలావరకు కోలుకున్నారు, కయూస్ జనం దాదాపు సగం చనిపోయారు. డాక్టరే చంపుతున్నాడన్న అనుమానం పుట్టింది. నవంబర్ 29న కొందరు కయూస్ మనుషులు దాడి చేసి విట్మన్ దంపతులతో పాటు మొత్తం 13 మందిని చంపారు. 1850లో ఐదుగురు కయూస్‌లను ఒరెగాన్ సిటీలో ఉరి తీశారు. పెళ్లికి 320 ఎకరాలు ఇచ్చిన చట్టం వచ్చిందీ ఆ ఏడాదే.

ఆ ఎకరాలు ఎక్కడినుంచి వచ్చాయో చాలా నవలలు అడగవు. అరణ్యం అనే బైబిల్ మాటను మైదానానికి తగిలించగానే అక్కడి మనుషులు కనపడకుండా పోతారు. అరణ్యమంటే ఖాళీ చోటు కదా మరి! పాత పుస్తకాల్లో ఇండియన్, అంటే అమెరికా మూలవాసి, అంటే గుమ్మం దగ్గర నిలబడిన భయమో, బాప్తిస్మం తీసుకున్న నమ్మకమైన సేవకుడో. నల్లజాతివాళ్లు అంతకన్నా తక్కువ కనిపిస్తారు. బానిసత్వం నుంచి బయటపడి 1877లో కాన్సాస్‌లో నికోడెమస్ అనే ఊరు కట్టుకున్న కుటుంబాలు చర్చి చుట్టూ బతికిన క్రైస్తవులే, ఈ శైలికి అచ్చంగా సరిపోయే మనుషులే.

2021లో ఈ విషయం బహిరంగంగా పగిలింది. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంఘం మతపరమైన ప్రేమకథల విభాగంలో కారెన్ విట్‌మైర్ నవల 'ఎట్ లవ్స్ కమాండ్'కు వివియన్ అవార్డు ఇచ్చింది. ఆ నవల 1890 డిసెంబర్ 29న ఊండెడ్ నీ అనే చోట జరిగిన ఊచకోతతో మొదలవుతుంది. అమెరికా సైన్యం 250 మందికి పైగా లకోటా తెగవాళ్లను చంపిన రోజది, చనిపోయినవాళ్లలో స్త్రీలు, పిల్లలు ఎందరో. నవలలో నాయకుడు ఆ సైన్యంలోనివాడు. జరిగినదానికి కుమిలిపోయి, దేవుణ్ణి క్షమాపణ వేడుకుని, కొత్త జీవితం మొదలుపెడతాడు. ఒక జాతి చావును ఒక తెల్లవాడి మారుమనస్సుకు తెరగా వాడుకున్నారని రచయితలు, పాఠకులు గట్టిగా నిలదీశారు. ఆగస్టులో సంఘం అవార్డు వెనక్కి తీసుకుంది. నాయకుడు తప్పు చేసి పశ్చాత్తాపపడటమేగా క్రైస్తవ కథంటే అని రచయిత్రి పక్షాన మాట్లాడినవాళ్లూ ఉన్నారు.

నేను ఆ వాదనను తేలిగ్గా తీసుకోను. పాపి మారడం ఈ శైలికి ప్రాణం, దాన్ని తీసేస్తే మిగిలేది బోనెట్ కట్టిన బొమ్మే. కానీ సువార్తలోనే దీనికి కొలబద్ద ఉంది. లూకా పందొమ్మిదో అధ్యాయంలో జక్కయ్య మారినప్పుడు ఏడ్చి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదేమైనా ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ మాట తర్వాతే యేసు ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. ఫ్రాంటియర్ నవలలో మారుమనస్సు ఎప్పుడూ మోకాళ్ల దగ్గర ఆగిపోతుంది, భూమి పట్టా దాకా రాదు. క్షమించేది దేవుడు, నాయిక. నష్టపోయినవాళ్లు ఆ గదిలో ఉండరు. 1864లో శాండ్ క్రీక్ దగ్గర చెయెన్, అరాపహో తెగల పిల్లల్ని, ముసలివాళ్లని చంపిన దళానికి నాయకుడు కల్నల్ జాన్ షివింగ్టన్. ఆయన మెథడిస్టు బోధకుడు. గుర్రం మీద వచ్చే పాస్టర్‌ని అంత ప్రేమగా రాసే శైలికి ఈయన కూడా లెక్కలోకి రావాలి.

ఇలా రాస్తే ప్రేమకథ చచ్చిపోతుందని నేననుకోను. ఒహైయోలోని అప్పర్ శాండస్కీలో జరిగింది వినండి. 1816లో జాన్ స్టూవర్ట్ అనే ఆఫ్రికన్ అమెరికన్ మెథడిస్టు ఒంటరిగా వైయండాట్ అనే మూలవాసీ తెగ దగ్గరికి వెళ్లి బోధించాడు, పాటలు పాడాడు. వాళ్లలో చాలామంది విశ్వాసులయ్యారు, 1824లో రాతి చర్చి కట్టుకున్నారు. 1843లో ప్రభుత్వం వాళ్లను అక్కడినుంచి పడమటికి తరిమేసింది. వెళ్లేముందు ఆ చర్చిని, తమవాళ్లను పాతిపెట్టిన శ్మశానాన్ని చూసుకోమని మెథడిస్టులకు అప్పగించారు. 2019 సెప్టెంబర్‌లో మెథడిస్టు సంఘం ఆ స్థలం పట్టాను వైయండాట్ నేషన్‌కు తిరిగి ఇచ్చేసింది. ఆ చర్చిలో పెళ్లి చేసుకుని, సమాధులను వదల్లేక వదిలి, కాన్సాస్ నది ఒడ్డున కొత్తగా పొయ్యి వెలిగించుకోవాల్సి వచ్చిన ఒక వైయండాట్ జంటను నాయికా నాయకులుగా పెట్టి ఈ శైలిలో నవల రాయడానికి ఏ కట్టుబాటూ అడ్డురాదు.